అప్పులుండగా సెకండ్ హ్యాండ్ ప్లగిన్ హైబ్రిడ్ కొనవచ్చా? అమెరికాలో ఉంటున్నవారు లెక్క వేసుకునే పద్ధతి

అమెరికాలో ఉద్యోగం చేస్తూ, ఒకవైపు ఇండియాలో తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్‌కు నెలనెలా డబ్బు పంపుతూ, మరోవైపు క్రెడిట్ కార్డుల మీద బాకీ మోస్తున్నవారు సెకండ్ హ్యాండ్ ప్లగిన్ హైబ్రిడ్ కారు వైపు చూడడానికి ప్రధాన కారణం ఒక్కటే. గ్యాస్ (పెట్రోలు) ఖర్చు తగ్గితే ఆ మిగులుతో అప్పు తొందరగా తీర్చవచ్చన్న ఆశ అది. ఆశలో తప్పు లేదు గానీ, కాగితం మీద లెక్క వేసేసరికి చాలామంది విషయంలో అది నిలబడదు. గ్యాస్ మీద మిగిలేది నెలకు పదుల డాలర్లలో ఉంటుంది, వడ్డీకి పోయేది వందల్లో ఉంటుంది. కాబట్టి కారు చూడడానికి బయలుదేరే ముందే ఇంట్లో కూర్చుని, కింద చెప్పిన వరుసలోనే ఒక్కొక్క ప్రశ్నకూ జవాబు రాసుకోండి. ఎక్కడైనా జవాబు 'వద్దు' అని తేలితే అక్కడితో ఆపేయవచ్చు, తర్వాతి ప్రశ్నలతో పని లేదు.

ప్లగిన్ హైబ్రిడ్ అంటే ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పుకుందాం. దీనిలో గోడ ప్లగ్‌తో చార్జ్ చేసుకునే బ్యాటరీ ఒకటి ఉంటుంది, మోడల్‌ను బట్టి పాతిక నుంచి యాభై మైళ్ల దాకా కారు ఆ కరెంటుతోనే నడుస్తుంది. అది అయిపోయిన తర్వాత గ్యాస్ ఇంజన్ అందుకుని మామూలు హైబ్రిడ్‌లాగా నడిపిస్తుంది. చార్జ్ చేయకపోయినా కారు ఆగదు, అయితే చార్జ్ చేయనప్పుడు ఈ కారు కొన్నందుకు ఫలితం కూడా ఉండదు.

మొదటి అడుగు: అప్పులన్నీ వడ్డీ శాతంతో సహా రాయండి

ఎంత బాకీ ఉందన్నది చాలామందికి గుర్తుంటుంది, ఎంత వడ్డీ పడుతున్నదన్నది గుర్తుండదు. ఒక్కొక్క అప్పు పక్కన మూడు అంకెలు రాయండి: మిగిలిన అసలు, ఏడాది వడ్డీ శాతం, నెలకు కడుతున్న మొత్తం. క్రెడిట్ కార్డు వడ్డీ స్టేట్‌మెంట్ చివరి పేజీలో ఏపీఆర్ (ఏడాది వడ్డీ శాతం) అన్న చోట కనిపిస్తుంది, అది 20 శాతం దాటి ఉండడం సాధారణం. సున్నా శాతం ఆఫర్ మీద బాకీని ఒక కార్డు నుంచి మరో కార్డుకు మార్చుకున్నవారు ఆ ఆఫర్ ఏ నెలతో ముగుస్తుందో కూడా రాసుకోవాలి, ఎందుకంటే ఆ గడువు దాటగానే మిగిలిన బాకీ మొత్తానికీ మామూలు వడ్డీ మొదలవుతుంది.

ఇండియాలో ఉన్న అప్పులను ఈ జాబితాలో రాయకుండా వదిలేయడం మనవాళ్లలో బాగా కనిపించే అలవాటు. చదువు కోసం నాన్నగారు ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉంటే, అది ఏడాదికి 24 శాతం, అంటే క్రెడిట్ కార్డుతో సమానం. పైగా ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు కాబట్టి నోటు తిరగరాసేటప్పుడు అప్పటిదాకా కట్టని వడ్డీ అసలులో కలుస్తుంది. అమ్మగారి బంగారం తాకట్టులో ఉంటే అదీ అప్పే. ఇవి మీ క్రెడిట్ స్కోరులో కనిపించవు, అందువల్ల బ్యాంకు వాళ్లు మీకు కారు లోను సులభంగానే ఇస్తారు. వాళ్లు ఇవ్వడం, మీరు తీర్చగలగడం వేర్వేరు విషయాలు.

బ్యాంకు నుంచి రూపాయల్లో తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్‌ను మాత్రం కొంచెం భిన్నంగా చూడాలి. మీరు సంపాదించేది డాలర్లలో, తీర్చేది రూపాయల్లో. రూపాయి విలువ దీర్ఘకాలంలో డాలరుతో పోలిస్తే తగ్గుతూ వచ్చింది కాబట్టి, కాగితం మీద 11 శాతం కనిపించే లోను డాలర్ లెక్కలో అంతకంటే కొంత తక్కువ భారమే అవుతుంది. ఏటా మూడు శాతం చొప్పున రూపాయి తగ్గుతుందని అనుకుంటే అది సుమారు 8 శాతం అప్పుతో సమానం. రూపాయి ప్రతి ఏడూ అలాగే తగ్గుతుందన్న హామీ లేదు, కాబట్టి దీన్ని ఊరటగా తీసుకోండి తప్ప దీని ఆధారంగా కొత్త అప్పు చేయకండి.

జాబితా పూర్తయ్యాక 15 శాతం పైన వడ్డీ ఉన్న ప్రతి అప్పు కిందా గీత గీయండి. అలాంటి అప్పు ఒక్కటి ఉన్నా, మీ దగ్గర ఇప్పుడు నడుస్తున్న కారు ఉన్నట్లయితే, నా అభిప్రాయంలో ప్లగిన్ హైబ్రిడ్ ఆలోచన ఇక్కడితో వాయిదా వేయాలి. ఎందుకో నాలుగో అడుగులోని లెక్క చూస్తే తెలుస్తుంది.

రెండో అడుగు: అసలు కారు అవసరమా, కారు మార్చడం అవసరమా

ఈ రెండూ ఒకటి కావు. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో లాంటి ఊళ్లలో కారు లేకుండా ఆఫీసుకూ కిరాణా దుకాణానికీ వెళ్లడం కష్టమే. కారు లేనివారికి ఏదో ఒక కారు కావాలి, అది ప్లగిన్ హైబ్రిడ్ కావాలా వద్దా అన్నదే వారి ప్రశ్న. ఇప్పటికే కారు ఉన్నవారి ప్రశ్న వేరు. పాత కారుకు మెకానిక్ 1,500 డాలర్ల రిపేరు చెప్పగానే 'ఇంత పెట్టే బదులు కొత్తది తీసుకుంటే పోలేదా' అన్న మాట ఇంట్లో వినిపిస్తుంది. నెలకు 300 డాలర్ల వాయిదా అనుకుంటే 1,500 అంటే అయిదు నెలల వాయిదాలు మాత్రమే. రిపేరు చేయించిన కారు ఆరో నెల కూడా నడిస్తే మీరు లాభంలో ఉన్నట్లే. ఇంజన్ గానీ ట్రాన్స్‌మిషన్ గానీ పోయి, రిపేరు ఖర్చు కారు అమ్మకపు విలువను మించినప్పుడు మాత్రమే మార్చడం గురించి ఆలోచించండి.

మూడో అడుగు: ప్లగ్ ఎక్కడుంది

ఇంటి దగ్గర రాత్రంతా కారు పెట్టే చోట ప్లగ్ లేకపోతే ఈ కారు కొనకండి. ఇంతకంటే మెత్తగా చెప్పడానికి నాకు వీలు కనిపించడం లేదు.

ఇంట్లోని మామూలు 120 వోల్టుల ప్లగ్ సరిపోతుంది, 240 వోల్టుల చార్జర్ బిగించడానికి ఎలక్ట్రీషియన్‌కు డబ్బు పోయవలసిన పని లేదు. రెండో తరం (2016 నుంచి 2019 మోడళ్ల) షెవర్లే వోల్ట్ మామూలు ప్లగ్ మీద ఖాళీ నుంచి నిండడానికి సుమారు 13 గంటలు, 2017 నుంచి 2022 వరకు వచ్చిన టొయోటా ప్రియస్ ప్రైమ్ అయిదున్నర గంటలు తీసుకుంటాయి. సాయంత్రం ఆరింటికి పెడితే పొద్దున ఏడింటికి సిద్ధం. అయితే ఎక్స్‌టెన్షన్ వైరు వాడకూడదు. గరాజ్‌లోని పాత ప్లగ్ వదులుగా ఉంటే గంటల తరబడి కరెంటు లాగినప్పుడు వేడెక్కుతుంది. మొదటి రోజు అరగంట చార్జ్ చేసిన తర్వాత ప్లగ్‌ను చేత్తో తాకి చూడండి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే తీసేసి సాకెట్ మార్పించాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు 'ఎక్కడో ఒకచోట పబ్లిక్ చార్జర్ ఉంటుంది కదా' అనుకుంటారు. ఈ కార్లలో చాలావాటికి ఫాస్ట్ చార్జింగ్ ఉండదు కాబట్టి హైవే పక్కన కనిపించే పెద్ద చార్జర్లు పనికిరావు. నెమ్మదిగా ఎక్కే పబ్లిక్ చార్జర్లలో యూనిట్, అంటే కిలోవాట్ అవర్, 40 సెంట్లు పడితే వోల్ట్ మైలుకు పన్నెండు సెంట్లకు పైగా తింటుంది. అదే కారు మూడు డాలర్ల గ్యాస్ మీద మైలుకు ఏడు సెంట్లతో నడుస్తుంది. అంటే డబ్బు కట్టి చార్జ్ చేయడం కన్నా గ్యాస్ పోయించుకోవడమే చవక. ఆఫీసులో ఉచితంగా చార్జింగ్ ఉంటే లెక్క మారుతుంది గానీ, ఆ ఆఫీసులో మీ ఉద్యోగం ఎన్నాళ్లు ఉంటుందో, ఇంటి నుంచి పని ఎన్ని రోజులో కూడా ఆలోచించుకోవాలి.

నాలుగో అడుగు: గ్యాస్ మీద నిజంగా ఎంత మిగులుతుంది

ఈ అడుగు మీద ఒక సాయంత్రం పెట్టినా తప్పు లేదు. కావలసినవి అయిదు అంకెలు: మీరు ఏడాదికి నడిపే మైళ్లు, మీ ఊళ్లో గాలన్ గ్యాస్ ధర, కరెంటు బిల్లులో అన్ని చార్జీలూ కలిపి యూనిట్‌కు పడుతున్న ధర, ఇప్పటి కారు మైలేజ్, కొనాలనుకున్న కారు మైలేజ్. కరెంటు ధర కోసం ప్రకటనలోని రేటు చూడకండి, బిల్లు మొత్తాన్ని వాడిన యూనిట్లతో భాగించండి.

టెక్సస్‌లో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఏడాదికి 12,000 మైళ్లు, గ్యాస్ మూడు డాలర్లు, కరెంటు యూనిట్‌కు 15 సెంట్లు. ఇప్పటి కారు గాలన్‌కు 30 మైళ్లు ఇస్తుంది. ఏడాదికి 400 గాలన్లు, అంటే 1,200 డాలర్లు. దీని స్థానంలో రెండో తరం వోల్ట్ కొన్నారనుకుందాం. ఆ కారు ప్రభుత్వ పరీక్షల లెక్కన ఒకసారి చార్జ్ చేస్తే 53 మైళ్లు నడుస్తుంది, వంద మైళ్లకు 31 యూనిట్లు తీసుకుంటుంది, చార్జ్ అయిపోయాక గాలన్‌కు 42 మైళ్లు ఇస్తుంది. ఆ కుటుంబం తిరిగే మైళ్లలో 70 శాతం కరెంటు మీద నడిచిందనుకుంటే 8,400 మైళ్లకు కరెంటు ఖర్చు సుమారు 390 డాలర్లు, మిగిలిన 3,600 మైళ్లకు గ్యాస్ 257 డాలర్లు. మొత్తం 648. ఏడాదికి మిగిలింది సుమారు 550 డాలర్లు, నెలకు 46.

ఇప్పుడు చాలామంది వేయని రెండో లెక్క వేయండి. అదే కుటుంబం ప్లగ్ లేని మామూలు హైబ్రిడ్, గాలన్‌కు 50 మైళ్లు ఇచ్చేది కొంటే ఏడాదికి 240 గాలన్లు, 720 డాలర్లు. వోల్ట్‌కూ దానికీ ఏడాదికి తేడా 72 డాలర్లు, అంటే నెలకు ఆరు. రోజూ రాత్రి వైరు పెట్టడం, పొద్దున తీయడం, వానలో చుట్టి లోపల పడేయడం, ఇదంతా నెలకు ఆరు డాలర్ల కోసమా అన్నది మీరే చెప్పుకోవాలి. ప్రియస్ ప్రైమ్ వంద మైళ్లకు 25 యూనిట్లే తీసుకుంటుంది, గ్యాస్ మీద 54 మైళ్లు ఇస్తుంది కాబట్టి 60 శాతం కరెంటు మీద నడిపినా ఏడాది ఖర్చు 540 దగ్గర ఆగుతుంది. మామూలు హైబ్రిడ్ కన్నా దీనికి నెలకు పదిహేను డాలర్లు తక్కువ. కాలిఫోర్నియాలో కరెంటు యూనిట్ 35 సెంట్లు పడేవారికి, గాలన్ గ్యాస్ 4.60 డాలర్లు ఉన్నప్పుడు, వోల్ట్‌లో కరెంటు మైలూ గ్యాస్ మైలూ దాదాపు ఒకే ధర, 11 సెంట్లు. అక్కడ రాత్రి పూట తక్కువ రేటు ఇచ్చే ప్లాన్ లేకపోతే ప్లగ్ వల్ల ఏమీ మిగలదు.

ఇక ఈ మిగులును అప్పుతో పోల్చి చూద్దాం. ఆ కుటుంబానికి క్రెడిట్ కార్డుల మీద 9,000 డాలర్లు 24 శాతం వడ్డీకి ఉన్నాయి. చేతిలో 8,000 ఉన్నాయి. అత్యవసరానికి 2,000 ఉంచుకుంటే 6,000 వాడుకోవచ్చు. ఆ ఆరు వేలూ డౌన్ పేమెంట్‌గా పెట్టి 14,000 డాలర్ల కారు కొంటే, టెక్సస్ అమ్మకపు పన్ను 6.25 శాతం కలుపుకుని సుమారు 9,000 లోను అవుతుంది. 9 శాతం వడ్డీకి అయిదేళ్ల గడువు పెడితే నెలకు 187 డాలర్ల వాయిదా, మొత్తం వడ్డీ 2,200. గ్యాస్ మీద నెలకు 46 మిగులుతూ ఉంటే వాయిదాకు 187 పోతుంది, కార్డు మీద నెలకు 180 వడ్డీ అలాగే పడుతూనే ఉంటుంది. అదే ఆరు వేలు కార్డు మీద కడితే మొదటి ఏడాదిలోనే 1,440 డాలర్ల వడ్డీ తప్పుతుంది. ఏడాదికి 550 మిగిల్చే కారుకూ ఏడాదికి 1,440 మిగిల్చే చెల్లింపుకూ మధ్య ఎంపిక ఇది. మిగిలిన మూడు వేలకు నెలకు 250 చొప్పున కడితే 14 నెలల్లో కార్డు సున్నా అవుతుంది. అప్పటికి ఆ 250 డాలర్లు నెలనెలా చేతిలో మిగలడం మొదలవుతుంది, క్రెడిట్ స్కోరు పెరిగి లోను వడ్డీ కూడా తగ్గే వీలుంటుంది.

కార్డు బాకీ లేకుండా, రూపాయల్లోని ఎడ్యుకేషన్ లోన్ మాత్రమే ఉండి, పాత కారు నిజంగానే మూలపడిన వారికి ఈ లెక్క మరోలా వస్తుంది. వారు కారు కొనక తప్పదు. అదే ధరకు, అదే వయసున్న మామూలు హైబ్రిడ్, ప్లగిన్ హైబ్రిడ్ రెండూ దొరికి, ఇంటి దగ్గర ప్లగ్ ఉంటే ప్లగిన్ తీసుకోవచ్చు. ప్లగిన్‌కు వెయ్యి డాలర్లు ఎక్కువ అడిగితే మాత్రం పైన వచ్చిన నెల తేడాతో ఆ వెయ్యిని భాగించి చూడండి. నెలకు పదిహేను చొప్పున అది తిరిగి రావడానికి అయిదున్నరేళ్లు పడుతుంది.

అయిదో అడుగు: ధర పైన వచ్చే ఖర్చులు

ఒక విషయం ముందే చెప్పాలి, ఎందుకంటే పాత వీడియోలు చూసి ఇంకా దీని గురించి అడుగుతున్నవారు ఉన్నారు. సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్, ప్లగిన్ కార్లకు 25,000 డాలర్ల లోపు ధర ఉంటే 4,000 డాలర్ల దాకా ఇచ్చిన ఫెడరల్ టాక్స్ క్రెడిట్ ఇప్పుడు లేదు. 2025 జులై 4న సంతకమైన చట్టం ప్రకారం అది ఆ ఏడాది సెప్టెంబర్ 30తో ముగిసింది. అదే చట్టంలో వచ్చిన కారు లోను వడ్డీ మినహాయింపు అమెరికాలో తయారైన కొత్త కార్లకే వర్తిస్తుంది, సెకండ్ హ్యాండ్ వాటికి వర్తించదు. డీలర్ ఈ రెండింటిలో ఏది చెప్పినా లెక్కలోకి తీసుకోకండి.

లోను మీద కొంటే కొలిజన్ (ఢీకొన్నప్పుడు మీ కారుకు జరిగే నష్టానికి), కాంప్రహెన్సివ్ (దొంగతనం, వరద లాంటివాటికి) కలిపి ఇన్సూరెన్స్ తీసుకోవడం తప్పనిసరి. ఇప్పుడు పాత కారుకు లయబిలిటీ (ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే ఇచ్చే ఇన్సూరెన్స్) ఒక్కటే కడుతున్నవారికి ఈ పెంపు ఒక్కటే నెలకు మిగిలే 46 డాలర్లను మింగేయవచ్చు. కారు 17 అక్షరాల గుర్తింపు నంబరు (విన్) చేతికి రాగానే, ధర మాట్లాడకముందే, ఇన్సూరెన్స్ కొటేషన్ తెప్పించుకోండి. రిజిస్ట్రేషన్ దగ్గర రాష్ట్రానికో పద్ధతి. టెక్సస్‌లో ఏటా 200 డాలర్ల అదనపు ఫీజు పూర్తి ఎలక్ట్రిక్ కార్లకే ఉంది, ప్లగిన్ హైబ్రిడ్‌కు లేదు. ఒహాయోలో ప్లగిన్ హైబ్రిడ్‌కు కూడా ఏటా అదనపు ఫీజు ఉంది. మీ రాష్ట్రంలో ఎంతో రిజిస్ట్రేషన్ ఆఫీసు వెబ్‌సైట్‌లో చూసుకుని ఏడాది మిగులులోంచి తీసివేయండి.

లోను కోసం డీలర్ దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లకండి. ముందు మీ క్రెడిట్ యూనియన్‌లోనూ బ్యాంకులోనూ ప్రీ అప్రూవల్ (ఎంత లోను, ఏ వడ్డీకి ఇస్తారో ముందస్తు ఆమోదం) తీసుకోండి. 14 రోజుల లోపల ఎంతమంది కారు లోను కోసం మీ స్కోరు చూసినా స్కోరు లెక్కలో దాన్ని ఒకే విచారణగా పరిగణిస్తారు కాబట్టి నాలుగు చోట్ల అడగడానికి వెనుకాడవలసిన అవసరం లేదు. వీసా మీద ఉన్నవారికి కొన్ని సంస్థలు వీసా గడువు దాటి లోను ఇవ్వవు, ఆ సంగతి కూడా అప్పుడే తెలిసిపోతుంది.

డీలర్ ఫైనాన్స్ గదిలో మొదట వినిపించే ప్రశ్న 'నెలకు ఎంత కట్టగలరు' అని. దానికి అంకె చెప్పకండి. మీరు 300 అంటే ఆ మూడు వందల్లో ఇమిడేలా గడువును 72 నెలలకు సాగదీసి, ఎక్స్‌టెండెడ్ వారంటీ, పెయింట్ ప్రొటెక్షన్ లాంటివి అందులోకే చేర్చుతారు. మీరు మాట్లాడవలసింది పన్నులూ ఫీజులూ అన్నీ కలిపిన మొత్తం ధర ఒక్కటే. 14,000 లోను 9 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే వడ్డీ సుమారు 2,000, అయిదేళ్లకు తీసుకుంటే 3,400, అదే అయిదేళ్లు 14 శాతానికైతే 5,500. మూడేళ్ల వాయిదా కట్టలేని కారు మీ స్తోమతకు మించినదన్నది నేను పాటించే కొలత.

ఆరో అడుగు: ఏ మోడల్

ఉత్పత్తి ఆగిపోయిన మోడళ్లు చవకగా కనిపిస్తాయి. దానికి కారణం ఉంది. షెవర్లే వోల్ట్ 2019లో, హోండా క్లారిటీ 2021లో ఆగిపోయాయి. రెండూ చక్కగా నడిచే కార్లే, క్లారిటీ చార్జ్‌కు 47 మైళ్లు ఇస్తుంది, లోపల విశాలంగా ఉంటుంది. కానీ వాటికే ప్రత్యేకమైన భాగం ఏదైనా పోతే అది దొరికేదాకా కారు వర్క్‌షాపులో కూర్చుంటుంది. రెండో తరం వోల్ట్‌లో బ్యాటరీని అదుపు చేసే కంట్రోల్ మాడ్యూల్ పాడవడం దాని యజమానులకు బాగా తెలిసిన సమస్య. కారు ఆగినన్ని రోజులూ అద్దె కారుకు డబ్బు పోయగలిగినవారికి ఇది చిరాకు మాత్రమే, అప్పుల్లో ఉన్నవారికి అది మళ్లీ కార్డు గీకడం.

వోల్ట్ బ్యాటరీ వారంటీ కారు మొదట అమ్మిన తేదీ నుంచి 8 ఏళ్లు లేదా 1,00,000 మైళ్లు. టొయోటా 2020 మోడల్ నుంచి హైబ్రిడ్ బ్యాటరీ వారంటీని 10 ఏళ్లు లేదా 1,50,000 మైళ్లకు పెంచింది. అప్పు ఉన్నవారు 2020 లేదా ఆ తర్వాతి ప్రియస్ ప్రైమ్ వైపు మొగ్గడానికి నాకు కనిపించే బలమైన కారణం ఇదే. ఇంకో కారణం సీట్లు. 2019 వరకు ప్రియస్ ప్రైమ్‌లో నలుగురికే చోటు, 2020 నుంచి అయిదుగురు కూర్చోవచ్చు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉండే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. వోల్ట్ రెండో తరంలో వెనక మధ్య సీటు ఉందంటే ఉంది, పెద్దవాళ్లు దానిలో కూర్చోలేరు.

కుటుంబం పెద్దదని క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్ చూసేవారు 2017, 2018 మోడళ్ల విషయంలో జాగ్రత్త పడాలి. నిప్పంటుకునే ప్రమాదం ఉందని 2022 ఫిబ్రవరిలో వాటిని రీకాల్ చేసి, సరిచేసేవరకు ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టమని, చార్జ్ చేయవద్దని తయారీ సంస్థ చెప్పింది. ఆ రీకాల్ పని పూర్తయినట్లు కాగితం లేకుండా కొనకూడదు.

ఏడో అడుగు: కారు దగ్గర చూడవలసినవి

ముందుగా కారు 17 అక్షరాల గుర్తింపు నంబరు అడిగి తీసుకుని, ఫెడరల్ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో పెండింగ్ రీకాల్స్ చూడండి. ఇన్సూరెన్స్ మోసాలను అరికట్టే సంస్థ ఎన్ఐసీబీ వెబ్‌సైట్‌లో అదే నంబరు వేస్తే దొంగతనం, సాల్వేజ్ (బాగా దెబ్బతిని ఇన్సూరెన్స్ సంస్థ పనికిరాదని తేల్చిన) రికార్డులు ఉచితంగా తెలుస్తాయి. వరదలో మునిగిన కారు బయటికి శుభ్రంగా కనిపిస్తూనే లోపల వైర్లు తుప్పు పట్టి ఉంటుంది, ఎక్కువ వోల్టేజి బ్యాటరీ ఉన్న కారులో అది మరింత ప్రమాదకరం. హ్యూస్టన్‌లో 2017 హార్వీ తుఫాను తర్వాత అలాంటివి వేల సంఖ్యలో తేలాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి బురద చార ఉందేమో చూడండి, డిక్కీలో కార్పెట్ ఎత్తి వాసన చూడండి. డీలర్ అయితే కిటికీకి బయర్స్ గైడ్ కాగితం అంటించి ఉండాలి. దాని మీద 'యాజ్ ఈజ్' గడిలో టిక్ ఉంటే గేటు దాటిన తర్వాత ఏం జరిగినా బాధ్యత మీదే. మూడు రోజుల్లో వెనక్కి ఇవ్వవచ్చన్న ఫెడరల్ నియమం డీలర్ షాపులో కొన్న కార్లకు వర్తించదు.

బ్యాటరీ ఎంత మిగిలి ఉందో తెలుసుకోవడం అసలు పని. డ్యాష్‌బోర్డు మీద కనిపించే మైళ్ల అంచనాను నమ్మకండి. అది ముందు నడిపినవారి అలవాటును, వాతావరణాన్ని బట్టి మారుతూ ఉంటుంది. కారును రాత్రంతా పూర్తిగా చార్జ్ చేసి ఉంచమని అమ్మేవారిని ముందురోజే అడగండి. వోల్ట్ అయితే ఆ తర్వాత కరెంటు మీద ఇంజన్ ఆన్ అయ్యేదాకా నడపండి. యాభై మైళ్లు నడపడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే, వారు ముందురోజు నడిపి ఫోటో తీసి పంపినా సరే. ఇంజన్ ఆన్ అయిన క్షణాన మధ్య తెరలో ఎనర్జీ పేజీ తెరిస్తే, చివరిసారి చార్జ్ చేసినప్పటి నుంచి వాడిన యూనిట్లు కనిపిస్తాయి. రెండో తరం వోల్ట్‌లో ఆ అంకె 14 దగ్గర ఉండాలి. 12 లోపు కనిపిస్తే బ్యాటరీ అరిగిపోయిందని అర్థం, ధర ఎంత తగ్గించినా వదిలేయడం మంచిది. బానెట్ ఎత్తి బ్యాటరీ కూలెంట్ ట్యాంకులో ఆరెంజ్ రంగు ద్రవం గుర్తు దాకా ఉందో లేదో చూడండి, తగ్గి ఉంటే ఎక్కడో కారుతున్నట్లు.

గ్యాస్ ఇంజన్‌ను మరిచిపోకండి. ఎప్పుడూ కరెంటు మీదే నడిచిన కారులో ఇంజన్ తక్కువ వాడారు కదా అని ఆయిల్ మార్చడం మానేసినవారు ఉంటారు, కాబట్టి సర్వీసు రసీదులు అడగండి. చార్జింగ్ వైరు కారుతో పాటు ఇస్తున్నారో లేదో చూడండి. అది పోయి ఉంటే కొత్తదానికి కొన్ని వందల డాలర్లు పడుతుంది, ఆ మొత్తం ధరలో తగ్గించమని అడగవచ్చు. చివరగా, హైబ్రిడ్లు తెలిసిన స్వతంత్ర మెకానిక్ చేత చూపించండి. ఆ రెండు వందల డాలర్లకు వెనకాడేవారు పద్నాలుగు వేల కారు కొనడానికి సిద్ధంగా లేనట్లే. మెకానిక్ దగ్గరికి పంపడానికి ఒప్పుకోని అమ్మకందారుతో బేరం ఆడకండి.

ఎనిమిదో అడుగు: ఉద్యోగం పోతే ఎలా బయటపడతారు

హెచ్‌1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోయిన తర్వాత మామూలుగా 60 రోజుల గడువు ఉంటుంది. ఓపీటీ (చదువు తర్వాత విద్యార్థి వీసా మీదే పని చేసే అనుమతి) మీద ఉన్నవారికి ఉద్యోగం లేకుండా ఉండగలిగే రోజులు మొత్తం 90, స్టెమ్ పొడిగింపుతో కలిపి 150. అంత తక్కువ వ్యవధిలో కారు అమ్మి, లోను తీర్చి, టికెట్ కొనవలసి రావచ్చు. అందువల్ల సంతకం పెట్టే ముందే ఒక పని చేయండి. మీరు కొనబోయే కారునే ఈరోజు అమ్మితే ఎంత వస్తుందో, కార్‌మాక్స్ లాంటి పెద్ద సంస్థల వెబ్‌సైట్‌లో నంబరు, మైళ్లు వేసి చూడండి. డీలర్ 14,000 అడుగుతున్న కారుకు అక్కడ 11,000 వస్తే, మొదటి రోజే మూడు వేల లోటు. కాబట్టి డౌన్ పేమెంట్ కనీసం ఆ లోటు, దానికి తోడు అమ్మకపు పన్ను కలిపినంత ఉండాలి. అంతకంటే తక్కువ పెడితే అమ్మిన తర్వాత కూడా లోను మిగిలిపోతుంది, అది తీరేదాకా బ్యాంకు టైటిల్ (కారు యాజమాన్య పత్రం) ఇవ్వదు, టైటిల్ లేకుండా వేరే వ్యక్తికి అమ్మడం కష్టమవుతుంది.

లోను తీసుకున్న తర్వాత ఆరు నెలలకు ఒకసారి లోను సంస్థ నుంచి పేఆఫ్ మొత్తం (ఆ రోజు లోను పూర్తిగా తీర్చడానికి కట్టవలసింది) తెలుసుకుని, అదే రోజు కారు అమ్మకపు ధర కూడా చూసి రెండూ పక్కపక్కన రాసుకోండి. అమ్మకపు ధర ఎక్కువగా ఉన్నంతకాలం కారు మీ చేతిలో ఉన్నట్లు. తక్కువగా ఉంటే, ఆ తేడా పూడేదాకా వాయిదాతో పాటు నెలకు కొంత అదనంగా అసలుకు జమ చేయమని లోను సంస్థకు స్పష్టంగా చెప్పి కట్టండి. అలా చెప్పకపోతే కొన్ని సంస్థలు ఆ డబ్బును వచ్చే నెల వాయిదా కింద పెట్టుకుంటాయి.